పంతులమ్మకు ఉత్తరం: పెట్టె కొనాలా, పలక చాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సంగతి. చిన్న తరగతుల చదువు ఇంట్లోనే చెప్పుకుంటాం, ఏ పుస్తకాలు తీసుకోమంటారు అని. వాటిలో ఐదింటికి జవాబులు రాస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్లకు నా గురించి ఒక ముక్క. కోనసీమలో మండల పరిషత్ బళ్లలో 31 ఏళ్లు పనిచేశాను, అందులో ఎక్కువ భాగం ఒకటో తరగతితోనే. 2020లో బళ్లు మూతపడ్డప్పుడు మా మనవరాలికి ఒకటి, రెండు తరగతులు ఇంట్లోనే చెప్పాను. నలభై మందికి బళ్లో చెప్పడం కన్నా వంటింటి గడప మీద ఒక్కదానికి చెప్పడమే కష్టమని అప్పుడు తెలిసింది.

ప్రశ్న: టీచర్‌గారికి నమస్కారం. మావారు కువైట్‌లో ఉంటారు. బాబుకి ఆరేళ్లు నిండాయి. స్కూల్ వ్యాన్‌లో పోను గంట, రాను గంట. రోజూ వాంతులు. ఈ ఏడాది మాన్పించి ఇంట్లోనే చెబుదామనుకుంటున్నాను. నేను డిగ్రీ చదివాను. ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ ఒకటో తరగతి సిలబస్ మొత్తం, చెక్క వస్తువులు, వర్క్‌షీట్లు, టీచర్ గైడు అన్నీ పెట్టెలో పెట్టి 26,000కి ఇస్తోంది. వీడియోల్లో ఒకరు మాంటిస్సోరి మంచిదంటారు, ఇంకొకరు షార్లెట్ మేసన్ అంటారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది తీసుకోమంటారు?
– ఒక తల్లి, రాజోలు మండలం

జవాబు: ముందు నిద్రపో అమ్మా. పెట్టె కొనకు. కనీసం దసరా దాకా కొనకు.

నేను కొన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2020లో మా అమ్మాయి "అమ్మా, నీ పలకా బలపం కాలం కాదిది" అని పోరుపెడితే, ఒక కంపెనీ పెట్టె తెప్పించాం. కొబ్బరికాయలు తూచే కాటా మీద పెడితే తొమ్మిది కిలోలు తూగింది. టీచర్ గైడు ఒక్కటే మూడు వందల పేజీలు. రేపటి పాఠం చెప్పాలంటే ఇవాళ రాత్రి నేను గంట చదువుకోవాలి. ట్రైనింగ్ కాలేజీలో కూడా అంత చదవలేదు. మూడో రోజు రుతువుల పాఠం వచ్చింది. రాలిన ఎర్ర ఆకులు, పసుపు ఆకులు ఏరుకొచ్చి అతికించాలట. మా పెరట్లో కొబ్బరాకు పసుపు తిరిగితే చెట్టుకు తెగులు వచ్చిందని కంగారు పడతాం గానీ, కాయితానికి అతికించుకుంటామా! లెక్కల్లో డైమ్, నికెల్ అని డబ్బులు. "అమ్మమ్మా, డైమ్ అంటే రూపాయి కంటే పెద్దదా?" అని అడిగింది పిల్ల. ఆ పెట్టె అమెరికా పిల్లల కోసం తయారైంది, వాళ్ల నాణేలు, వాళ్ల వాతావరణం, వాళ్ల అంగుళాలు, పౌన్లు. అక్కడి పిల్లలకు అది సులువే. మాకు పంతొమ్మిదో రోజుకి ఆగిపోయింది. వాపసు పంపుతామంటే సీలు తీసినవి తీసుకోమన్నారు. చెక్క దిమ్మలు ఇప్పుడు కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డు పెట్టుకుంటున్నాం.

అప్పటినుంచి ఏ పుస్తకం చూసినా నేను ఒకటే అడుగుతాను. ఇంటికి చుట్టాలొచ్చిన రోజు, కరెంటు పోయిన రోజు, నాకు తలనొప్పిగా ఉన్న రోజు కూడా దీన్ని తెరిచి ఇరవై నిమిషాలు చెప్పగలనా? చెప్పగలిగితే సులువైనదే. ముందు రాత్రి కత్తెర, జిగురు, రంగు కాగితాలు సర్దుకుంటే గానీ నడవనిది ఎంత అందంగా ఉన్నా వద్దు. మీవారు దగ్గర లేరు. వంటా, పెద్దవాళ్ల పనులూ, కొబ్బరి దింపుకు మనుషుల్ని పిలవడమూ అన్నీ నువ్వే. ఆ గైడు రాసినవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఒకటి, రెండు తరగతులకు కావలసినవి నిజానికి రెండే: భాష, లెక్కలు. ఇది నా సొంత సిద్ధాంతం కాదు. దేశమంతటికీ పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ కూడా ఆ రెండు తరగతులకు వేరే పరిసరాల పుస్తకం పెట్టదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఆ తరగతుల పిల్లల సంచి కిలోన్నర దాటకూడదని, ఇంటిపని ఇవ్వకూడదని కూడా చెప్పింది. నా పెట్టె తొమ్మిది కిలోలు.

మన రాష్ట్రం ఒకటో తరగతి తెలుగు వాచకం, లెక్కల పుస్తకం తీసుకో. వాటిని తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీయించుకో, లేదా పక్కింటి పిల్లల పాతవి అడుగు. లెక్కల పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. రేపు వీడు ఏ మీడియంలో చేరినా పనికొస్తుంది. ఇంగ్లీషుకు ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ఒకటో తరగతి పుస్తకం 'మృదంగ్' ఉంది, అదీ ఉచితమే. చిన్న కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగువి బోలెడు. నాలుగు మెట్లుగా పెట్టారు, మొదటి మెట్టులో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. వీటితోపాటు ఒక పలక, ఒక గళ్ల నోటుపుస్తకం. ఇంతకు మించి ఈ ఏడాది ఏమీ తీసుకురాకు. ఒక పుస్తకం సగంలో ఉండగా ఇంకొకటి బాగుందని మార్చేయడమే ఇంటి చదువుకు పట్టే పెద్ద జబ్బు.

ఇక మాంటిస్సోరి, మేసన్. ఇద్దరూ గొప్పవాళ్లే. మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో పేదల పేటలో మొదటి బడి పెట్టింది. 1939లో మన మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలంగా ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. చేతితో తడిమితే గానీ లెక్క మనసుకెక్కదని ఆవిడ మాట. దానికి వేలు పోసి చెక్క కడ్డీలు కొనక్కర్లేదు, కొబ్బరి ఈనెలున్నాయి. పది పుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తే పది కట్ట, విడిగా ఉన్నవి ఒకట్లు. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు చేతికిచ్చి ఎంత అని అడుగు. ఇరవై మూడు అని వాడే అంటాడు. షార్లెట్ మేసన్ ఇంగ్లండు ఆవిడ, 1923లో పోయింది. చిన్నపిల్లలకు పాఠం పొట్టిగా ఉండాలని, విన్న కథను పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పాలని ఆవిడ పద్ధతి. అందుకు పెట్టె దేనికి? రాత్రి అన్నం పెడుతూ కథ చెప్పి, పొద్దున్న వాడిచేత చెప్పించుకో.

తెలుగు మాత్రం కాస్త వివరంగా రాస్తాను, అందరూ తడబడేది అక్కడే. 'అ' నుంచి 'ఱ' దాకా వరసగా దిద్దించి, అది అయ్యాక మాటలకు వెళ్లడం మన అలవాటు. వర్ణమాల పాటలా నోటికి రానివ్వు, తప్పులేదు. చదవడానికి మటుకు మాటతో మొదలుపెట్టు. మొదటి వారం వల, తల, కల, అల. ప్రతి మాటలోనూ 'ల' ఉంది చూడు, తెలిసినది ఒకటి, కొత్తది ఒకటి. తర్వాత నడక, గడప, జలగ, వరద. జలగ అంటే పిల్లలకు భలే సరదా. గుణింతం అక్కర్లేని మాటలు మన చుట్టూ ఇన్ని ఉన్నాయి. పడవ, పనస మాత్రం చివరికి ఉంచు. పడవలో ప, వ రెండూ వచ్చాయి. పనసలో న, స పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకే పోలికున్న అక్షరాలు ఒకే వారంలో నేర్పితే నెల రోజులు తికమక పడతారు. మనకేమో ఇష్టమైన మాటలు అవే! మ–య, బ–భ కూడా అంతే, ఒకటి బాగా కుదిరాకే రెండోది. ఙ, ఞ జోలికి అసలు పోకు.

గుణింతం కూడా ఒక్కసారి పన్నెండూ పోయకు. దీర్ఘానికి ఒక వారం: కాలవ, పాక, చాప, తాత. గుడికి ఇంకో వారం: నది, చిలక, అరటి. కొమ్ముకు గుడి, తులసి, కుదురు అయ్యాకే పులస. 'పు'కి, 'వు'కి కొమ్ము మిగతావాటిలా ఉండదు, అందుకని వాటిని వెనక్కి పెట్టాను. వత్తులు రెండో ఏడు చూసుకోవచ్చు. అయితే పిల్లలు మొట్టమొదట రాయాలనుకునే మాట 'అమ్మ'. అందులో వత్తుంది. దాన్ని మాత్రం బొమ్మలా నేర్పేయి, ఆగమనకు. నా చేతి మీదుగా వెళ్లిన పిల్లల్లో ఎక్కువమందికి విడి అక్షరాల మాటలకు మూడు నెలలు, గుణింతాలకు నాలుగైదు నెలలు పట్టేవి. మీవాడికి ఇంకో నెల పట్టినా కంగారుపడకు.

రోజుకు ఎంతసేపు అంటావా? తెలుగు ఇరవై నిమిషాలు, మధ్యలో పెరట్లో ఆట, లెక్కలు ఇరవై, కథ ఇరవై, ఇంగ్లీషు మాటలు పది. గంటా పది నిమిషాలు. నేను పొద్దున్న కాఫీ తాగేసి ఏడింటికల్లా కూర్చోబెట్టేదాన్ని, ఎనిమిది దాటితే ఇల్లు మన మాట వినదు. దింపు రోజున పుస్తకం తెరిచేదాన్నే కాదు. కాయలు కుప్ప పోస్తుంటే పదేసి లెక్కపెట్టి బొగ్గుతో గీత గీయడమే ఆ పూట బడి.

ఎంతవరకు వచ్చాడో తెలుసుకోవడానికి పరీక్షలు పెట్టకు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడటానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో తరగతికి ఇంత అని లక్ష్యాలు పెట్టారు. ఒకటో తరగతి అయ్యేసరికి ముందు చూడని చిన్న వాక్యం, నాలుగైదు తేలిక మాటలున్నది, చదవాలి. 99 దాకా అంకెలు చదివి రాయాలి, చిన్న కూడికలు తీసివేతలు చేయాలి. అంతే. ఆ కాగితం గోడకి అంటించుకో, చుట్టాలు "మావాడు ఎ ఫర్ ఏరోప్లేన్ స్పెల్లింగ్ చెబుతాడు" అన్నప్పుడు దానివంక చూడు.

ఒక్క మాట అడగనా, కోప్పడకు. మీ ఊళ్లోనే నడిచి వెళ్లేంత దూరంలో సర్కారు ప్రాథమిక బడి ఉందేమో చూశావా? ముప్పై ఒక్క ఏళ్లు ఆ బళ్లలో ఉన్నదాన్ని, అడగకుండా ఉండలేను. వాంతులు వ్యాన్ వల్ల వస్తున్నాయి, చదువు వల్ల కాదు. ఒకసారి వెళ్లి టీచర్‌ని కలిసి చూడు. నచ్చకపోతే పైన రాసినవన్నీ నీకున్నాయి.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. ఏడాదిగా ఇంట్లోనే చెబుతున్నాం. పిల్లను బడికి పంపకపోతే కేసు పెడతారని మా ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు. తర్వాత బళ్లో చేర్చుకోరని కూడా అన్నాడు. నిజమా?
– ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: నేను లాయర్ని కాదండి. టీచరుగా ఆ చట్టంతో పనిచేసినదాన్ని గనక తెలిసింది చెబుతాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అందులో పదో సెక్షన్, పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చకపోతే ఇంత జరిమానా, ఇంత శిక్ష అని మాత్రం ఎక్కడా లేదు. ఇంటి చదువు గురించి ఆ చట్టం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కాబట్టి ఇది రాసిపెట్టిన హక్కేమీ కాదు, జైల్లో పెట్టే నేరమూ కాదు.

చేర్చుకోరన్న భయం అక్కర్లేదు. నాలుగో సెక్షన్ ప్రకారం బడికి వెళ్లని పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేకంగా చెప్పాలి. వయసు కాగితం లేదని పంపేయకూడదు. ప్రవేశ పరీక్ష పెట్టడం పదమూడో సెక్షన్ ప్రకారం కుదరదు. అయినా మీ జాగ్రత్త మీరు పడండి. జనన ధ్రువపత్రం, ఆధార్ సిద్ధంగా ఉంచుకోండి, పాప నోటుపుస్తకాలు పారేయకండి.

బడికి వెళ్లకుండానే పై తరగతుల సర్టిఫికెట్ కావాలంటే కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ఉంది. వాళ్ల ప్రాథమిక స్థాయిలో 'ఎ' మూడో తరగతికి, 'బి' అయిదుకు, 'సి' ఎనిమిదికి సమానం. పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ప్రైవేటు బళ్లలో పేద పిల్లలకు ఇచ్చే పాతిక శాతం ఉచిత సీట్లు మన రాష్ట్రంలో ఒకటో తరగతి ప్రవేశంలోనే ఇస్తారు. ప్రభుత్వం తల్లులకు ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బు బడిలో చదివే పిల్లలకే. మీ ఆదాయానికి ఇవి వర్తించేవైతే ఇంట్లో ఉంచేముందే లెక్క చూసుకోవాలి. ఒకటో తరగతి దాటిపోయిందంటే ఆ ఉచిత సీటు మళ్లీ రాదు.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్భై ఆరు. మా కాలంలో పెద్ద బాలశిక్ష ఒక్కటి చదివితే ఎనిమిదో తరగతి వాడికి పాఠం చెప్పేవాళ్లం. ఇరవై ఎక్కాలు గడగడా వచ్చేవి. కోడలు మనవడికి ఇంట్లో ఇంగ్లీషు రైమ్స్ తప్ప ఏమీ చెప్పడం లేదు. నేను బాలశిక్ష తీస్తే మొహం చిట్లిస్తుంది. ఎవరిది తప్పు?
– ఒక తాతగారు, అంబాజీపేట

జవాబు: మామయ్యగారూ, తగవు తీర్చమంటే ఇద్దరికీ సగం సగం వడ్డిస్తాను.

పెద్ద బాలశిక్ష మా ఇంట్లోనూ ఉంది. అట్ట ఊడి, దారంతో కుట్టినది. అందులో అరవై సంవత్సరాల పేర్లు, ఇరవై ఏడు నక్షత్రాలు, నీతి పద్యాలు, కొలతలు ఏమి కావాలన్నా దొరుకుతాయి. కానీ అది వంటింట్లో పోపులపెట్టెలాంటిది, అవసరమైనప్పుడు చిటికెడు తీసుకోవాలి. ఆరేళ్లవాణ్ణి మొదటి పేజీ నుంచి వరసగా నడిపిస్తే పదో పేజీలోనే నోరు తిరగని మాటలు తగిలి ఆగిపోతాడు. వారానికి ఒక వేమన పద్యమో, ఒక సుమతి పద్యమో మీరే నోటికి చెప్పండి, పుస్తకం చూపించకుండా. కోడలు కాదనదు.

ఎక్కాలు కావాలి. కాదనేవాళ్ల మాట నేను వినను. వరస మాత్రం మారుద్దాం. ముందు రెండు, పది, అయిదు. తర్వాత నాలుగో ఎక్కానికి మీరున్నారు, పుంజీలు నేర్పండి. నాలుగైతే పుంజీ అని మా అత్తగారు కోడిగుడ్లు, తమలపాకులు అన్నీ అలాగే లెక్కపెట్టేది. మూడు పుంజీలు ఎన్ని అంటే మా మనవరాలు వేళ్లు చూసుకోకుండా పన్నెండు అనేది. నాలుగు మూళ్లు అంటే మాత్రం తెల్లమొహం వేసేది! రెండూ ఒకటేనని దానికి తట్టిన రోజు ఇంట్లో పాయసం వండాను.

మీ అటక మీద పాత కొలపాత్రలు ఉండే ఉంటాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. బియ్యం పోసి కొలవమనండి. ప్రతి మెట్టూ రెండింతలే గనక కుంచానికి ఎన్ని సోలలో వాడే కనిపెడతాడు. ఇరవై ఆరు వేల పెట్టెలో ఇది లేదు.

ఇంగ్లీషు మాట. నా అభిప్రాయం చాలామందికి నచ్చదు, మా అమ్మాయికీ నచ్చలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తెలుగులో చిన్న మాటలు కూడబలుక్కుని చదవడం వచ్చేదాకా ఇంగ్లీషు అక్షరాలు దిద్దించను. అప్పటిదాకా నోటితోనే: గ్లాసు తే, తలుపు వెయ్యి, ఎక్కడికెళ్లావు, ఇవి ఇంగ్లీషులో ఆడుకోవడం. ఒక లిపిలో 'గుర్తులు కలిపితే మాట అవుతుంది' అని తెలిసిన పిల్లకు రెండో లిపి తొందరగా వస్తుంది. కోడలి రైమ్స్ నోటికే గనక వాటిని ఉండనివ్వండి. ఆవిడకు ఉదయం, మీకు సాయంత్రం. ఒకరి పూట ఇంకొకరు వేలు పెట్టవద్దు. ఆయ్, మీరూనండి.

ప్రశ్న: మాకు ఇద్దరు, ఐదేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు. మావారు అరటి మార్కెట్‌కి తెల్లవారుజామునే వెళ్లిపోతారు. ఇద్దరికీ వేరువేరు సిలబస్ చెప్పేసరికి మధ్యాహ్నం అవుతోంది. ఒకరికి చెబుతుంటే ఒకరు అల్లరి.
– ఒక తల్లి, రావులపాలెం

జవాబు: నేను ఆరేళ్లపాటు ఒక లంక బడిలో ఏకోపాధ్యాయురాలిని తల్లీ. ఒక గది, ఐదు తరగతులు. మీకు రెండే తరగతులు.

అక్కడ నేర్చుకున్న కిటుకు ఇది. వేరు చెయ్యవలసినవి వేరు చేసి, మిగతాదంతా కలిపెయ్యాలి. చదవడం, లెక్కలు మాత్రమే విడివిడిగా. బాబుకు గళ్ల పుస్తకంలో నాలుగు లెక్కలు ఇచ్చి, ఆ పావుగంటలో పాపకు అక్షరాలు. తర్వాత పాపకు ముగ్గుపిండితో చుక్కలు పెట్టమని అప్పగించి బాబుకు పాఠం. అల్లరి చేసేది ఖాళీగా ఉన్నవాళ్లే.

కథ, పాట, బొమ్మ, పరిసరాలు ఇద్దరికీ కలిపి. పరిసరాల పుస్తకం మూడో తరగతిలో మొదలవుతుంది, బాబుకు కావాలి. పాపను వినమనండి, చాలు. శ్రావణంలో గోదారికి వరదొస్తే టీవీలో ధవళేశ్వరం లెక్కలు చెబుతారు కదా. పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, పదమూడు లక్షలకు రెండోది, పదిహేడుకు మూడోది. లక్షలు ఎనిమిదేళ్ల పిల్లాడి లెక్క కాదు. కానీ పదికి, పదమూడుకి ఎంత తేడా, పదమూడుకి, పదిహేడుకి ఎంత, ఇవాళ నీళ్లు ఎక్కడున్నాయి అని రోజూ గోడ క్యాలెండర్ మీద రాయగలడు. పాప కాలవగట్టు మీద పుల్ల గుచ్చి నీళ్లు పుల్లను దాటాయా లేదా చూస్తుంది. మీరు పక్కనుండాలి సుమా, ఒంటరిగా పంపకండి. ఆనకట్ట ఎవరు కట్టారంటే కాటన్ దొర, 1852కి పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ వేరు, తర్వాత కట్టింది. ఆ తర్వాత గౌతమి ఎటు పోయింది, వశిష్ఠ అంతర్వేది దగ్గర ఎలా సముద్రంలో కలిసింది అని మ్యాపు మీద వేలితో గీయించండి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళితే పదకొండు రుద్రుల ప్రభలు పాప లెక్కపెడుతుంది, అవి ఏయే ఊళ్లవో బాబు రాసుకుంటాడు.

బాబు చదివే వేగం గురించి రాశారు, పక్కింటివాళ్ల పిల్ల ఇంకా వేగంగా చదువుతోందని. మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి అరవై మాటలు అర్థమయ్యేలా చదవాలని నిపుణ్ భారత్ లక్ష్యం. ఆ పక్కింటి పిల్ల ఇంగ్లీషు చదువుతోందేమో కనుక్కోండి. 'వచ్చేస్తున్నారేమోనని' అన్న మన ఒక్క మాటలో వాళ్ల మాటలు అయిదారు పడతాయి. వేగం చూడకండి, చదివాక ఏం జరిగిందో చెప్పమనండి.

సిలబస్‌లు రెండూ మధ్యాహ్నానికి కాకపోతే, ఒకటి రెండు పాఠాలు వదిలేయండి. బళ్లో మేమూ వదిలేసేవాళ్లం. ఇన్‌స్పెక్షన్‌కి చెప్పేవాళ్లం కాదంతే.

ప్రశ్న: పాపకు నాలుగున్నరేళ్లు. పెన్సిల్ ఇస్తే విసిరేస్తోంది. రాత పుస్తకాలు మూడు రకాలు కొన్నాను. ఇంకేదైనా మంచిది చెప్పండి.
– ఒక తల్లి, ముమ్మిడివరం

జవాబు: నాలుగో రకం కొనకండి. ఉన్న మూడూ బీరువాలో పెట్టేయండి. నాలుగున్నరేళ్ల చేతికి ఇంకా పట్టు రాలేదు, అంతే. చిక్కుడుకాయల ఈనెలు తీయమనండి, చపాతీ పిండి పిసకమనండి, బంతిపూలు గుచ్చమనండి, సూది మొద్దుగా ఉన్నది చూసి ఇవ్వండి. పళ్లెంలో బియ్యం పోసి వేలితో సున్నాలు చుట్టమనండి. తెలుగు అక్షరాల్లో సగం సున్నా చుట్టడమే. పెన్సిల్ సంగతి సంక్రాంతి వెళ్లాక మళ్లీ రాయండి, అప్పుడు చూద్దాం.